వెనక సీటు ప్రెబెన్‌ది

హార్బోర ఊరు దాటాక రోడ్డు గీత గీసినట్టు తిన్నగా పోతుంది. ఒక పక్క పచ్చిక, ఇంకో పక్క మురుగుకాలవ, అంతే. మలుపన్నది లేదు. అలాంటి చోట, మంచి ఎండ కాస్తున్న మే నెల మధ్యాహ్నం, ప్రెబెన్ తన మోటార్‌సైకిల్‌ని నేరుగా కాలవలోకి దింపేశాడు. పెద్ద దెబ్బలేం తగల్లేదు. తీసుకెళ్లడానికి చెల్లెలు వచ్చేసరికి మోకాళ్ల దాకా బురదలో నిలబడి, హెల్మెట్ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"రోడ్డు ఉన్నట్టుండి లేకుండా పోయిందే," అన్నాడు.

ఆ చెల్లెలు యుట్టె. థీబొరన్‌లో చేపల ఫ్యాక్టరీలో నా పక్కన నిలబడి చేపలు కోసే మనిషి. ఇందులో కొంత కాఫీ వేళల్లో ఆమె నోట విన్నది, మిగతాది నేను కళ్లారా చూసింది.

ప్రెబెన్‌కి కంటి నడుమ చూపు పోయిందని డాక్టరు తేల్చాడు. అంచులు మాత్రం మిగిలాయి. ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం కనపడదు, ఆ మనిషి చెవి పక్కనున్న గోడ కనపడుతుంది. అందుకే ఎవరితో మాట్లాడాలన్నా తల పక్కకి తిప్పి, కోడిపుంజులా ఓరగా చూసేవాడు. తెలియనివాళ్లు ఈయనకి మనమంటే గిట్టదేమో అనుకునేవాళ్లు. లైసెన్సు తీసేసుకున్నారు. కాలవలోంచి తీసిన బండిని కడిగించి, ముక్కూమొహం తెలియని ఎవడికో అమ్మేశాడు. వాడు తోలుకుపోతుంటే బయటికి కూడా రాలేదు.

ఆయన బతుకంతా రెండే పనులు. సముద్రం మీద చేపలు పట్టడం, నేల మీద మోటార్‌సైకిల్ తోలడం. తండ్రి పడవతో సహా పోయినప్పుడు ఇంకా మీసాలు సరిగా రాని వయసు. బడి మానేసి పడవెక్కాడు. పెళ్లి మాట ఎత్తితే నవ్వి ఊరుకునేవాడు. ఒడ్డున ఉన్నన్నాళ్లూ బండి మీదే ఉండేవాడు, అదీ ఎవరో వాడి వదిలేసిన బండి మీద. కొత్తది ఏనాడూ కొనలేదు. చెల్లెలికి బండి నేర్పి లైసెన్సు ఇప్పించింది కూడా ఆయనే. తర్వాత ఆమె లైఫ్ అనేవాణ్ని పెళ్లాడింది. ఆడవాళ్లు బండి తోలడం లైఫ్‌కి నచ్చేది కాదు. కొన్నేళ్లకి లైఫ్ ఇంకొకామెతో ఓల్‌బోర్ వెళ్లిపోయాడు గానీ, యుట్టె మాత్రం బండి జోలికి మళ్లీ పోలేదు.

చూపు పోయాక ప్రెబెన్ వంటింట్లో రేడియో పక్కన కూర్చున్నాడు. అక్కడే కూర్చుండిపోయాడు. యుట్టె రోజూ పని నుంచి పోతూ ఏదో ఒకటి వండి పెట్టేది. సగం తిని పళ్లెం పక్కకి నెట్టేవాడు. కిటికీ తెరవబోతే వద్దనేవాడు. రేవులో తనతో పనిచేసినవాళ్లు పలకరించడానికి వస్తే, నిద్రొస్తోందని పంపేసేవాడు.

ఒకనాడు ఫ్యాక్టరీలో చేపలు కోసే బల్ల దగ్గర చేప చేతిలోనే పెట్టుకుని ఆగిపోయింది యుట్టె.

"మోటార్‌సైకిల్ కొంటాను," అంది. "కొత్తది."

"ఎవరికి?"

"నాకే. అన్నయ్య వెనక కూర్చుంటాడు."

నాకు నవ్వొచ్చింది. "మీ ఆయన వదిలేసి పోయిన ఇన్నేళ్లకి ఇప్పుడు పట్టిందా వెర్రి?"

"నవ్వు. ఆయన ఆ కుర్చీలోనే ఎండిపోతున్నాడు. గాలి తగలాలి మనిషికి."

"పాతది కొనరాదూ, చవగ్గా వస్తుంది."

"దారిలో ఆగిపోతే బాగుచేసేదెవరు? ఆయనకి కనపడదు, నాకు చేతకాదు."

ఆ సాయంత్రమే అన్నకి చెప్పింది. ఆయన వేయించిన చేపని ఫోర్కుతో కెలుకుతూ అన్నాడట.

"నిన్ను పట్టుకుని వెనక కూర్చోమంటావా నన్ను? ఊళ్లోవాళ్లు చూసి ఏమనుకుంటారే?"

"ఏమనుకుంటే నీకేంటి, నీకు వాళ్ల మొహాలు కనపడవుగా."

ఆయన నవ్వలేదు. కానీ చేప మొత్తం తిన్నాడు. పళ్లెం నెట్టేశాక, "ఏ బండి చూస్తున్నావు?" అని అడిగాడు. ఒప్పుకున్నాడని అప్పుడు తెలిసిందామెకి.

మొదట హోల్‌స్టెబ్రోలో పెద్ద షోరూమ్‌కి వెళ్లారు. గోడలన్నీ అద్దాలే. లోపల బండ్లు పెళ్లికి తయారైనట్టు మెరుస్తున్నాయట. యెస్పర్ అనే సేల్స్‌మన్ ఎదురొచ్చి నేరుగా ప్రెబెన్ చేయి పట్టుకుని ఊపాడు. యుట్టెకి కాఫీ యంత్రం చూపించాడు.

"సార్‌కి ఎలాంటిది కావాలి? దూరప్రయాణాలకా, ఊళ్లోకా?"

"కొనేది నేను కాదు. మా చెల్లెలు," అన్నాడు ప్రెబెన్, తల పక్కకి తిప్పి.

"ఓహో, మేడమ్‌కా. అయితే ఇటు రండి సార్, చిన్నవి, తేలికవి ఉన్నాయి. ఎరుపు రంగులో ముచ్చటగా ఉంటుంది."

"ఇద్దరం ఎక్కాలి," అంది యుట్టె. "నేను ముందు, ఆయన వెనక."

యెస్పర్ ప్రెబెన్ వైపు చూసి కన్ను గీటాడు. "సార్‌కి అంత ధైర్యం ఉందా మరి?"

ఆ కన్ను గీటడం ప్రెబెన్‌కి కనపడలేదు. యుట్టెకి కనపడింది. ఒక్కటి మాత్రం అడిగిందట, సీటు ఎత్తెంత అని. యెస్పర్ ఆ జవాబు కూడా ప్రెబెన్‌కే చెప్పాడు.

"నాకు చెప్పకు బాబూ, నేను గుడ్డివాణ్ని," అన్నాడు ప్రెబెన్.

జోకనుకుని యెస్పర్ పగలబడి నవ్వాడు. అన్నాచెల్లెళ్లు బయటికొచ్చి కారెక్కారు.

రెండోసారి వీబోర్ వెళ్లాం. ఆ వారం యుట్టె కారు రిపేరులో ఉండి, నా కారులో నేనే తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు మంచివాడు. యుట్టెని కూర్చోబెట్టి మాట్లాడాడు, బండి ఎక్కి చూడమన్నాడు, ఎత్తు సరిపోకపోతే సీటు తగ్గించొచ్చన్నాడు. ముదురు నీలం రంగు బండి. ఆమె రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, అద్దంలో తన మొహం చూసుకుంది. అంతకు ముందెప్పుడూ ఆమెని అలా చూసుకోగా నేను చూడలేదు.

"స్టార్ట్ చెయ్యమను," అన్నాడు ప్రెబెన్.

కుర్రాడు స్టార్ట్ చేశాడు. ప్రెబెన్ బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెవి ఇంజిన్ దగ్గర పెట్టాడు. ముఖం వెలిగింది. కాలవ రోజు తర్వాత ఆయన ముఖంలో నేను వెలుగు చూడటం అదే మొదలు. కాసేపు విని లేచాడు.

"ఇది వద్దే. లోపల ఏదో కొట్టుకుంటోంది. వాల్వులు సరిగా లేవు."

కుర్రాడు ఇబ్బందిగా చూశాడు. "లేదండీ, కొత్త ఇంజిన్లన్నీ అలాగే మోగుతాయి. పెట్రోలు లోపలికి కొట్టే శబ్దం అది."

"నాకు చెబుతావా? పుట్టినకాడ్నించీ వింటున్నాను ఇంజిన్లు."

కుర్రాడు వాదించలేదు. పక్కనున్న రెండో బండి స్టార్ట్ చేశాడు, తర్వాత మూడోది. అన్నీ అదే టకటక. ప్రెబెన్ ఒక్కొక్కదాని పక్కనా వంగి విన్నాడు. మూడోదాని దగ్గర్నించి లేవడానికి కొంచెం ఆలస్యమైంది. నేను చేయి అందించబోతే వద్దని తనే లేచాడు.

"నాదే పొరపాటు," అన్నాడు కుర్రాడితో. చాలా మర్యాదగా అన్నాడు.

తిరుగుదారిలో యుట్టె ఏవేవో కబుర్లు మొదలుపెట్టింది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. స్కీవె దాటాక, "నాకింక బండ్ల గురించి కూడా తెలీదన్నమాట," అన్నాడు. నేను రోడ్డు మీదే చూపు పెట్టి కారు నడిపాను. నచ్చిన ఆ బండిని ఆమె అక్కడ కొనలేకపోయింది. అన్న తలదించుకున్న చోట కొనడానికి ఆమెకి మనసొప్పలేదు.

మూడోది స్ట్రూయర్‌లో రేవు దగ్గర ఓవె అనే పెద్దాయన కొట్టు. షోరూమ్ అనడానికి లేదు, షెడ్డు. వీబోర్‌లో చూసిన నీలం బండి లాంటిదే ఒకటి ఉంది. ఓవెకి ప్రెబెన్ పాత పరిచయం. ఒకప్పుడు ఆయన దగ్గరే బేరమాడి పాత బండి కొన్నాడు.

"ఇంకా బతికే ఉన్నావా?" అన్నాడు ఓవె.

"సగం. నువ్వు?"

"నేనూ అంతే. అమ్మా యుట్టె, ఎక్కి ఓ చుట్టు తిప్పి రా. ఈ ముసలాణ్ని కూడా ఎక్కించుకో. బరువుతో తోలి చూస్తే గానీ తెలీదు."

యుట్టె మెల్లగా బయల్దేరింది. రేవు దాకా వెళ్లి, చేపల పెట్టెలు పేర్చిన చోట తిప్పుకుని, కొట్టు వైపు తిరిగొచ్చింది. బాగానే వచ్చింది. వెనక ప్రెబెన్ ఏదో చెబుతున్నాడు, ఆమె నవ్వుతోంది. కొట్టు ముందు ఆపబోయింది. అక్కడ నేల ఒక పక్కకి వాలుగా ఉంది. దించిన కాలికి నేల అందలేదు. ఇద్దరి బరువుతో బండి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఒరిగిందట. ఆపడానికి టైముంది, బలమే చాల్లేదు. ప్రెబెన్ చీలమండ బండి కింద పడింది.

ఓవె, యుట్టె కలిసి బండి ఎత్తారు. ప్రెబెన్ నేలమీదే కూర్చుని ఉన్నాడు, మొహం తెల్లగా పాలిపోయింది.

"కాలు అందలేదన్నా," అంది యుట్టె.

"అందే చోట ఆపాలే. మొదటి రోజే చెప్పానుగా నీకు, చిన్నప్పుడు."

ఎముక రెండు చోట్ల విరిగింది. విరిగిన క్లచ్ పిడికి డబ్బు తీసుకోనన్నాడు ఓవె. బలవంతంగా ఇచ్చి వచ్చిందామె. ఫ్యాక్టరీలో ఆ వారమంతా తలెత్తలేదు. చేపలు కోస్తూ కోస్తూ చేతులు ఆగిపోయేవి. నేను నెమ్మదిగా ఆమె ముందున్న పెట్టె నా వైపు లాక్కునేదాన్ని.

ఆసుపత్రిలో ప్రెబెన్ అడిగిన మొదటి మాట, "ఆర్డరిచ్చావా?" అని.

"లేదు. ఇవ్వను."

"ఇవ్వు. నా కాలు ఊరికే విరిగిందంటావా?"

ఇచ్చింది. సీటు తగ్గించి, అదే నీలం రంగు. వేసవి చివరికల్లా వస్తుందన్నాడు ఓవె. వేసవి పోయింది. ఆకులు రాలాయి. పడమటి గాలి మొదలై ఊరంతా ఇసుక కొట్టుకొచ్చింది. ఒకనాడు ఓవె ఫోన్ చేశాడు.

"అమ్మా, చెడ్డ కబురు. కంపెనీవాళ్లు నా ఏజెన్సీ తీసేశారు. షెడ్డులో అమ్మితే వాళ్ల పరువు పోతోందట. నీ ఆర్డరు హోల్‌స్టెబ్రో వాళ్లకి బదిలీ చేశారు."

"ఆ అద్దాల మేడకా?"

"దానికే. ఇంక నేను రిపేర్లు చేసుకోవడమే. అదీ ఎన్నాళ్లో."

ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసిందట.

ఆ చలికాలంలో ప్రెబెన్ కంటి అంచులు కూడా మసకబారాయి. కట్టు విప్పాక కాలు వంకరగా కుదురుకుంది. గోడ పట్టుకుని నడిచేవాడు. బండి ఎప్పుడొస్తుందని ముందు రోజూ అడిగేవాడు, తర్వాత వారానికోసారి, తర్వాత మానేశాడు.

ఏప్రిల్లో బండి వచ్చింది. యుట్టె బస్సెక్కి హోల్‌స్టెబ్రో వెళ్లింది. యెస్పర్ ఆమెని గుర్తుపట్టలేదు. బండికి రిబ్బను కట్టి ఉంచాడు. గోడమీద పెట్టుకోవడానికి ఫోటో తీస్తానన్నాడు.

"తోలుకెళ్లడానికి ఎవరైనా వస్తున్నారా మేడమ్?"

"నేనే వచ్చానుగా," అంది. ఫోటో వద్దంది. రిబ్బను విప్పి కౌంటరు మీద పెట్టింది.

సముద్రపు గట్టు వెంట అడ్డగాలి బండిని పక్కకి తోస్తుంటే, పళ్లు బిగపట్టుకుని అన్న ఇంటికి చేరింది. ప్రెబెన్ వాకిట్లోకి వచ్చాడు. ముందు చక్రం నుంచి మొదలుపెట్టి బండి మొత్తం చేతులతో తడిమాడు. ట్యాంకు మీద అరచేయి చాలాసేపు ఉంచాడు. వెనక సీటు మెత్తగా నొక్కి చూశాడు.

"మంచి బండి," అన్నాడు.

"ఎక్కుతావా?"

"ఇవాళ చలిగా ఉంది."

మర్నాడు గాలి ఎక్కువగా ఉంది. ఆ మర్నాడు కాలు నొప్పి. తర్వాత రేడియోలో ఏదో కార్యక్రమం. మే, జూన్ అలాగే గడిచాయి. యుట్టె ఒక్కతే తోలడం మొదలుపెట్టింది. బాగా వచ్చేస్తే అన్నకి ధైర్యం వస్తుందని మొదట్లో నాతో అనేది. కొన్నాళ్లకి ఆ మాట అనడం మానేసింది. పనిలోకి వచ్చేటప్పుడు బుగ్గలు ఎర్రగా ఉండేవి. పాట పాడుతూ చేపలు కోసేది. ఆమెకి గొంతు ఉందని అప్పటిదాకా నాకు తెలీదు.

జూలైలో ఒక ఆదివారం ఆమె స్కీవె దాకా వెళ్లింది. అక్కడ ఎవరో బండ్లవాళ్లు కలిస్తే వాళ్లతో కాఫీ తాగి, పొద్దుపోయాక అన్న దగ్గరికి వచ్చింది. ప్రెబెన్ భోజనం చెయ్యకుండా కూర్చుని ఉన్నాడు.

"నా కాలు మీద నేర్చుకున్నావు," అన్నాడు. "బానే నేర్చుకున్నావు."

తెచ్చిన రొట్టె, హెర్రింగ్ చేప ముక్కలు బల్ల మీద పెట్టి ఆమె వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి. ఉప్పు, మందులు, కాఫీ. "ఆయన అన్నది నిజమే," అంది నాతో. "అందుకే అంత కోపమొచ్చింది నాకు." బండి అమ్మేస్తానని ఒకసారి అంది. హోల్‌స్టెబ్రోకి ఫోన్ చేసి అడిగిందట కూడా. షోరూమ్ గడప దాటిందంటే అది పాతబండే మేడమ్ అన్నాడట యెస్పర్. వాళ్లు చెప్పిన ధరకి ఇవ్వబుద్ధి కాలేదు. కోపంతో కొన్నాళ్లు దాన్ని తన ఇంటి షెడ్డులో పెట్టి తాళం వేసింది. మళ్లీ తీసింది.

ఆగస్టులో ప్రెబెన్ పొయ్యి ఆపడం మరిచిపోయి నిద్రపోయాడు. పక్కింటివాళ్లు పొగ చూసి తలుపు పగలగొట్టారు. మునిసిపాలిటీ నుంచి ఒకామె వచ్చి ఇల్లంతా చూసి, మెత్తగా మాట్లాడి వెళ్లింది. లెమ్విగ్‌లో వృద్ధుల ఆశ్రమంలో గది ఖాళీ అయిందని కబురొచ్చింది. ప్రెబెన్ అడ్డు చెప్పలేదు. అడ్డు చెబుతాడని ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వెళ్లిన యుట్టె, ఆయన బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

వెళ్లడానికి ముందురోజు ఆయనే అడిగాడు. "బోవ్‌బియర్ కొండ దాకా తీసుకెళ్తావా?"

పాత హెల్మెట్ తుడిచి పెట్టింది. కాలు ఎత్తి సీటు దాటించడానికి నేనూ సాయం పట్టాను. ఆయన చేతులు ఆమె నడుం చుట్టూ బిగుసుకున్నాయి. గాలి లేదు, ఎండ ఉంది. ఇంతకంటే మంచి రోజు దొరకదనుకున్నాను వాళ్లని సాగనంపుతూ.

ఆమె నిదానంగా పోనిచ్చింది. బ్రేకు వేసినప్పుడల్లా ఆయన హెల్మెట్ ఆమె హెల్మెట్‌కి తగిలేది. ఫెరింగ్ మలుపు, చర్చి, గాలిమరలు, ఆయన వేలసార్లు తోలిన రోడ్డే. బోవ్‌బియర్ కొండ అంచున, లైట్‌హౌస్ పక్కన ఆపింది, నేల బాగా చూసుకుని. దింపి బెంచీ మీద కూర్చోబెట్టింది. కింద సముద్రం మోగుతోంది.

"ఎలా ఉంది?" అంది.

ఆయన హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. జుట్టు చెమటకి అతుక్కుపోయింది.

"ఎక్కడున్నామో తెలీలేదే నాకు. రెండో మలుపు దాకా లెక్క పెట్టుకున్నాను. తర్వాత తప్పిపోయాను. ఎటు ఒరుగుతామో, ఎప్పుడు ఆగుతామో తెలీదు. నీళ్లలో పడ్డట్టుంది."

"నెమ్మదిగానే తోలానన్నా."

"నువ్వు బాగానే తోలావు. నన్నింక ఎక్కించకు."

మళ్లీ ఎక్కకుండా ఇంటికి చేరే దారి లేదు. నాకు ఫోన్ చేసింది. కారు వేసుకుని వెళ్లాను. ఆయన నా పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, ఇల్లు చేరేదాకా అలాగే ఉన్నాడు. వెనక అద్దంలో ఆ నీలం బండి, దాని మీద ఒక్కతే యుట్టె, కొంచెం దూరంగా వస్తూ కనిపించింది.

యుట్టె ప్రతి ఆదివారం లెమ్విగ్ వెళ్తుంది. ఎండైనా వానైనా బండి మీదే. మొదటి నెలల్లో ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదట. కాఫీ తాగి, రేడియో విని, ఇద్దరూ ఊరుకునేవాళ్లు. నేను కూడా ఒకటి రెండుసార్లు వెళ్లాను. ఆ గదిలో అరగంట కూర్చుంటే బయటపడాలనిపించేది.

పోయిన శీతాకాలం ఇద్దరం కలిసే వెళ్లాం. యుట్టె హెల్మెట్ చంకలో పెట్టుకుని లోపలికి అడుగుపెడుతుంటే, అక్కడ పనిచేసే మెరెటె నవ్వుతూ ఎదురొచ్చింది.

"మీ గురించే చెబుతుంటాడు మీ అన్నయ్య. నార్వే అంతా మీరిద్దరూ బండి మీద తిరిగారటగా. ఓడ దిగినప్పట్నించీ వాన వదల్లేదట కదా?"

యుట్టె ఆగిపోయింది. ఆమె జీవితంలో నార్వే ముఖం చూడలేదు. ప్రెబెన్ కిటికీ పక్కన, తల ఓరగా తిప్పుకుని కూర్చుని ఉన్నాడు. మా మాటలు వినపడేంత దగ్గరలోనే ఉన్నాడు. కుర్చీ చేతిమీద ఆయన వేళ్లు కదలడం మానేశాయి.

"అవును," అంది యుట్టె. "ఒకరోజంతా తడిశాం."

"రెండ్రోజులు," అన్నాడు ప్రెబెన్.

యుట్టె హెల్మెట్ మంచం మీద పెట్టి, కుర్చీ ఆయన పక్కకి లాక్కుంది.